సుఖం కంటే దైవకార్యమే మిన్న: డోర్నకల్ బిషప్ అజరయ్య గారి జీవితం



ఈ ప్రత్యేక సంచిక కోసం ఒక మహనీయుని జీవిత చరిత్ర రాసివ్వమని కార్యవర్గం వారు కోరినప్పుడు నాకు బిషప్ అజరయ్య గారు గుర్తుకు వచ్చారు. మన కరీంనగర్, ఆదిలాబాదు వాళ్ళకు మెదక్ చర్చి బాగా తెలుసు. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన ఆ మహామందిరాన్ని, దాన్ని కట్టించిన పాస్నెట్ దొరగారిని గురించి మన పెద్దలు కథలు కథలుగా చెప్పేవారు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రి నెలకొల్పిన డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారి పేరు కూడా కొందరికి తెలుసు. వాళ్ళిద్దరూ సముద్రాలు దాటి వచ్చినవారు. అజరయ్య గారు మన దేశస్థుడే. తమిళనాడులో పుట్టి, తెలంగాణ పల్లెల్లో బతికి, ఇక్కడి మట్టిలోనే కలిసిపోయారు. అయినా మన జిల్లాల్లో ఆయన కథ తెలిసినవాళ్ళు తక్కువ.

కాజీపేట నుంచి విజయవాడ వైపు రైల్లో వెళ్ళినవారందరూ డోర్నకల్ జంక్షన్ చూసే ఉంటారు. అక్కడి నుంచే సింగరేణి బొగ్గు గనుల వైపు రైలు మార్గం చీలుతుంది. చాలామందికి అది రైలు మారే స్టేషను మాత్రమే. అయితే ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పుకు ఆ చిన్న ఊరే పీఠం అయింది. అప్పుడది నిజాం రాజ్యంలో వరంగల్ జిల్లాలో ఉండేది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగాక మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది.

పాఠకుల్లో అన్ని మతాల వారూ ఉన్నారు. మత ప్రచారం కోసం ఈ వ్యాసం రాయటం లేదు. దేవుణ్ణి గౌరవించటమంటే తన సుఖం అంతా చూసుకున్నాక మిగిలింది సమర్పించటం కాదని నమ్మి, ఆ నమ్మకం ప్రకారం చివరిదాకా నడిచిన ఒక మనిషి ఎలా బతికాడో చెప్పాలన్నదే నా ఉద్దేశం.

బాల్యము, చదువు

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్ళాళన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ గ్రామంలో ఆంగ్లికన్ గురువు. తల్లి పేరు ఎల్లెన్. దంపతులకు మొదట ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ తరువాత చాలా ఏళ్ళకు, ఎంతో ప్రార్థించిన మీదట ఈ కుమారుడు కలిగాడు. బైబిలులో హన్నా అనే తల్లి మొక్కుకుని కన్న బిడ్డ సమూయేలు. అందుకే శామ్యూల్ అని పేరు పెట్టారు. పిల్లవాడు ఇంకా చదువుకునే వయసులో ఉండగానే తండ్రి గతించారు. తల్లి గట్టి క్రమశిక్షణతో పెంచింది.

తిరునెల్వేలిలో చదువు అయ్యాక మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. తెలివైన విద్యార్థి. కాని బి.ఏ. పరీక్షల సమయంలో జబ్బుపడి, పట్టా చేతికి రాకుండానే కాలేజీ వదిలిపెట్టారు. ఆ రోజుల్లో బి.ఏ. అంటే ఎంత గొప్పో మనకు తెలియనిది కాదు. ఆ కాగితం ఉంటే కలెక్టరు కచేరీలో మంచి ఉద్యోగం, జీతం, హోదా, చివరికి పెన్షను కూడా వచ్చేవి. పరీక్ష మళ్ళీ రాసి ఆ దారిన పోవటం ఆయనకు కష్టమేమీ కాదు. ఆయన మాత్రం 1895లో వై.ఎం.సి.ఎ. సంస్థలో కార్యదర్శిగా చేరి, దక్షిణ దేశమంతా తిరుగుతూ యువకుల మధ్య పనిచేయటం మొదలుపెట్టారు. పట్టా లేని ఈ మనిషికే 1920లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

1898లో అన్బు మరియమ్మాళ్ గారితో వివాహమైంది. దక్షిణ భారత క్రైస్తవ స్త్రీలలో కాలేజీ చదువు చదివిన మొదటి తరం వారిలో ఆమె ఒకరు. ముందు ముందు భర్త ఎంచుకున్న కష్టంలో సగం ఆవిడే మోశారు.

యాఫ్నాలో కలిగిన ఆలోచన

1902లో అజరయ్య గారు సింహళంలోని యాఫ్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో, సొంత మనుషులను మిషనరీలుగా పంపిస్తున్నారు. అది ఆయన మనసులో ములుకులా గుచ్చుకుంది. తిరునెల్వేలిలో క్రైస్తవ సంఘం ఎన్నో ఏళ్ళుగా ఉంది. బడులు, గుడులు, ఆసుపత్రులు అన్నీ వచ్చాయి. ఇన్నీ పొందినవాళ్ళు ఇతరులకు ఏమిచ్చారు అని ఆయన తనను తాను ప్రశ్నించుకున్నారు. ఇంగ్లండు వాళ్ళు పంపిన డబ్బుతో మన గుడి నడుస్తుంటే, మనం హాయిగా బెంచీల మీద కూర్చుని కీర్తనలు పాడుకుంటే సరిపోతుందా అన్నది ఆ ప్రశ్న సారాంశం.

తిరిగి రాగానే మిత్రులను కూడగట్టి 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించారు. మనుషులూ డబ్బూ నిర్వహణా అన్నీ భారతీయులవే అయి ఉండాలన్నది ఆ సంస్థ నియమం. ఆ సొసైటీ తన పనికి ఎన్నుకున్న చోటు మన నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. 1904లో తిరునెల్వేలి నుంచి మొదటి మిషనరీలు ఇక్కడికి వచ్చారు. భాష వేరు, తిండి వేరు. వాళ్ళకు తెలంగాణ పరదేశమే అనుకోవచ్చు.

1905 డిసెంబరు 25న బెంగాలులోని శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. దాని స్థాపకుల్లోనూ ఆయన ముఖ్యులు. 1907లో జపాను రాజధాని టోక్యోలో జరిగిన ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సభలకు కూడా వెళ్ళి వచ్చారు. ముప్పై మూడేళ్ళకే దేశ విదేశాల్లో పేరు వచ్చింది. రైలు ప్రయాణాలు, సభలు, సన్మానాలు, మద్రాసు మిత్రుల సాంగత్యం అన్నీ ఉన్నాయి.

కోరి తెచ్చుకున్న బదిలీ

మన సర్వీసులో బదిలీల సంగతి ఎవరికి తెలియదు? ఉట్నూరుకో సిర్పూరుకో ఉత్తర్వు వచ్చిందంటే ఇంట్లో అన్నం సహించేది కాదు. పిల్లల చదువు, ముసలి తల్లిదండ్రులు, మలేరియా అంటూ అర్జీల మీద అర్జీలు పెట్టుకునేవాళ్ళం. అందులో తప్పేమీ లేదు. కుటుంబమున్నవాడికి అవన్నీ నిజమైన బాధలే.

అజరయ్య గారికి ఏ ఉత్తర్వూ రాలేదు. ఎవరూ వెళ్ళమనలేదు. కాని డోర్నకల్‌కు మనుషులు కావాలని ఊరూరా ప్రసంగాలు చేసే తాను మద్రాసులో ఉండిపోవటం న్యాయం కాదని ఆయనకు తోచింది. 1909లో పదవులు వదులుకున్నారు. ఆ ఏడాదే మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గారి చేతుల మీదుగా గురువుగా అభిషేకం పొంది డోర్నకల్ చేరారు. అప్పటికి వయసు 35.

డోర్నకల్‌లో ఆయన కోసం బంగళా ఏదీ సిద్ధంగా లేదు. మొదట గుడారంలోనే కాపురం. చుట్టుపక్కల చిట్టడవి, అక్కడొకటి ఇక్కడొకటి పల్లెలు. ఎడ్లబండి మీద, సైకిలు మీద ఊళ్ళు తిరిగేవారు. తమిళం మాతృభాష, ఇంగ్లీషులో మహావక్త. ఇక్కడికి వచ్చాక చిన్నపిల్లవాడిలా తెలుగు అక్షరాలు దిద్దుకోవలసి వచ్చింది. దిద్దుకున్నారు. తరువాతి కాలంలో పామరులకు సైతం అర్థమయ్యే తెలుగులో బోధించారు.

ఆయన పనిచేసింది ఎక్కువగా మాల, మాదిగ వాడల్లో. నిజాం కాలపు పల్లెల్లో వాళ్ళ బతుకు ఎలాంటిదో మన తరం వాళ్ళు కొంతైనా కళ్ళారా చూశారు, మిగతాది తాతముత్తాతల నోట విన్నారు. వెట్టి, అప్పు, ఊరి బావి దగ్గరికి రాకూడదన్న కట్టడి. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగూ పల్లెలను పట్టి పీడించే దయ్యాలని ఆయన చెప్పేవారు. అందుకే ప్రార్థనలతో పాటు బడులు, వైద్యశాలలు, సహకార సంఘాలు, అచ్చుకూటాలు కూడా వచ్చాయి. ఉపదేశకులుగా తయారయ్యే మగవాళ్ళకు శిక్షణ ఇచ్చేటప్పుడు వాళ్ళ భార్యలకూ చదువు, శిక్షణ ఉండాలని పట్టుబట్టారు. స్త్రీల మధ్య జరిగే పనిలో అన్బు మరియమ్మాళ్ గారు ముందు నిలిచారు. ఆరుగురు పిల్లల తల్లిగా ఇల్లు నడుపుతూ ఆమె ఇదంతా చేశారు.

ఎడింబరోలో ఒక సాయంత్రం

1910లో స్కాట్లండు దేశపు ఎడింబరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1200 మంది ప్రతినిధులు. అందులో ఆసియా ఖండపు సంఘాల వారు ఇరవైమంది కూడా లేరు. వారిలో అజరయ్య గారు ఒకరు. ఆయనను ఆ సభకు పిలిచింది దొరలే. నాలుగు మంచి మాటలు చెప్పి, కృతజ్ఞతలు తెలిపి దిగిపోతే అందరూ చప్పట్లు కొట్టేవారు.

ఆయన ఆ పని చేయలేదు. మిషనరీలు భారతదేశానికి ఎన్నో త్యాగాలు చేశారని ఒప్పుకుంటూనే, వాళ్ళు భారతీయ సహోద్యోగులను సమానులుగా చూడటం లేదని, ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టుకోవటం లేదని నిండు సభలో చెప్పారు. మాకు మీ దానధర్మాల కంటే మీ స్నేహం కావాలి అన్న అర్థం వచ్చేటట్లు ముగించారు. కొందరు దొరలకు అది మింగుడు పడలేదు. తన భవిష్యత్తు ఆ దొరల చేతుల్లోనే ఉందని తెలిసి కూడా మాట్లాడటం ఆయన స్వభావం. ఎవరి దయతో మన పని నడుస్తున్నదో వాళ్ళ ఎదుట నిజం చెప్పటం ఎంత కష్టమో ఆఫీసుల్లో పనిచేసి వచ్చిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

బిషప్ పదవి

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కథెడ్రల్‌లో ఆయన డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఒక భారతీయుడు బిషప్ కావటం అదే మొదలు. వైట్‌హెడ్ గారు వెనుక నిలబడి ఈ పని సాధించారు గాని వ్యతిరేకత తక్కువగా లేదు. నల్లవాడి కింద తెల్ల మిషనరీలు ఎలా పనిచేస్తారని కొందరన్నారు. మన దేశస్థుల్లోనూ కులాన్ని బట్టి అసూయ పడినవాళ్ళున్నారు. ఆయన ఎవరికీ జవాబు రాసుకుంటూ కూర్చోలేదు.

మొదట ఆ మేత్రాసనం చాలా చిన్నది. 1920లో కృష్ణా, గోదావరి ప్రాంతాలు, రాయలసీమలోని కొన్ని తెలుగు ప్రాంతాలు కూడా కలిశాయి. అక్కడ ఏళ్ళ తరబడి పనిచేస్తున్న ఇంగ్లీషు మిషనరీలు కూడా ఆయన అధికారం కిందికి వచ్చారు. అనుమానించిన వారిలో చాలామంది కొన్నేళ్ళకు ఆయన పక్షమయ్యారు. 1941 నాటికి ఆ మేత్రాసనంలో రెండు లక్షలకు పైగా క్రైస్తవులు ఉన్నారు.

బీదవాళ్ళను అడగవచ్చునా?

నా దృష్టిలో ఆయన జీవితంలో అందరికంటే ఎక్కువ ఆలోచించవలసిన విషయం ఇదే.

తన సుఖం తాను వదులుకోవటం ఒక ఎత్తు. ఒక పూట తిని ఒక పూట పస్తుండే కూలివాళ్ళను కూడా దేవునికి ఇవ్వమని అడగటం ఇంకొక ఎత్తు. అజరయ్య గారు అడిగారు. రోజూ అన్నం వండేటప్పుడు పొయ్యి మీద పెట్టే బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చే పద్ధతిని ప్రోత్సహించారు. కోతల కాలంలో మొదటి పన, ఇంట్లో మొదటి కోడిపెట్ట, కాయగూరలు, అవీ లేనివాడు గుడి పనిలో ఒక రోజు కష్టం. కోతల పండుగనాడు తెచ్చినవన్నీ గుడి ముందర పోస్తే అది జాతరలా ఉండేది. క్రైస్తవ దానధర్మం మీద ఒక పుస్తకం కూడా రాశారు.

ఇది క్రూరం కాదా అని ఎవరికైనా తోస్తుంది. నాకూ తోచింది. బీదవాడికి పెట్టవలసింది పోయి, బీదవాడి దగ్గర తీసుకోవటమేమిటి? ఆయన ఆలోచన మరొక విధంగా ఉండేది. తరతరాలుగా ఆ వాడల జనానికి చేయి చాపటమే తెలుసు. దొర గడప ముందు చాపాలి, షావుకారు ముందు చాపాలి. ఇప్పుడు మిషను ముందు కూడా చాపితే వాళ్ళు మారినదేముంది? దేవుని ముందు ఇచ్చేవాడు, ఎంత చిన్నది ఇచ్చినా, ఆ క్షణం ఎవరికీ బానిస కాడు. బీదవాడి పిడికెడు బియ్యం వద్దనటమంటే నీవు ఇవ్వటానికి కూడా తగవు అని చెప్పటమే. ఆయన ఈ సంగతి గ్రహించారు. తానే బంగళాలో సుఖంగా కూర్చుని ఈ మాట చెబితే ఎవరూ వినేవారు కారు. గుడారంలో కాపురమున్నవాడు, సైకిలు మీద వచ్చినవాడు చెప్పాడు గనుక విన్నారు.

డోర్నకల్‌లోని ఎపిఫనీ కథెడ్రల్ ఈ భావానికి నిలువెత్తు సాక్ష్యం. అది పూర్తి కావటానికి ఇంచుమించు పాతికేళ్ళు పట్టింది. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, డబ్బు చాలలేదు, పని ఆగింది, మళ్ళీ సాగింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. లండన్ చర్చి నమూనా తెచ్చి ఇక్కడ నిలబెట్టలేదు. హిందూ దేవాలయాల్లో కనిపించే రాతి స్తంభాలు, తామరపూల చెక్కడాలు, మసీదులను తలపించే గుమ్మటాలు, మినార్లు ఒక్కచోట చేర్చి కట్టారు. ఈ దేశపు ప్రజలు తమకున్న శ్రేష్ఠమైనది తెచ్చి దేవుని ముందు పెట్టాలని ఆయన కోరిక. పాటలకు సైతం మన బాణీలే వాడించారు.

అన్నీ నెరవేరాయని చెప్పను. విదేశీ విరాళాల అవసరం ఆయన జీవితకాలంలో పూర్తిగా తీరలేదు. మాల, మాదిగ భేదాలు గుడి లోపలికి కూడా వచ్చాయి. వాటితో ఆయన చివరిదాకా పోరాడారు.

రిజర్వు సీట్లు వద్దన్నారు

1932లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రకటించిన కమ్యూనల్ అవార్డులో భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చారు. అంటే క్రైస్తవులు క్రైస్తవులకే ఓటు వేసుకుని శాసనసభకు పంపుకోవచ్చు. కష్టపడకుండా దక్కే సీట్లు. ఏ సంఘానికైనా అది సుఖమే కదా. అజరయ్య గారు మాత్రం దీన్ని వ్యతిరేకించారు. క్రైస్తవులు ఒక రాజకీయ ముఠాగా మారి, చుట్టూ ఉన్న ప్రజల నుంచి విడిపోతే దేవుని పనికే హాని అన్నారు. తన వాళ్ళకు లాభం వచ్చే విషయాన్ని తన వాళ్ళ నాయకుడే వద్దనటం మన రాజకీయాల్లో తరచుగా చూసేది కాదు.

ఆ కాలంలోనే గాంధీ మహాత్మునితో ఆయనకు అభిప్రాయభేదం వచ్చింది. దళితులు మతం మారటాన్ని, అందునా గుంపులుగా మారటాన్ని గాంధీ గారు ఒప్పుకోలేదు. తన ఇష్ట ప్రకారం దేవుణ్ణి వెతుక్కునే హక్కు నిరుపేదకు కూడా ఉందని అజరయ్య గారు నమ్మారు. ఎవరిది సరి అన్నదానిపై పాఠకుల్లో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. దేశమంతా దేవుడిలా చూస్తున్న మహాత్మునితో ఏకీభవించి ఉంటే అజరయ్య గారికి కీర్తి ఇంకా పెరిగేది. అది తెలిసీ తన మాట మీద నిలబడ్డారు. ఆయన దేశాభిమానాన్ని మాత్రం ఎవరూ శంకించలేరు.

చూడకుండానే వెళ్ళిపోయారు

ఆయన చివరి ఆశ సంఘాల ఐక్యత. ఇంగ్లండు, స్కాట్లండు, అమెరికా దేశాల్లో ఎప్పుడో జరిగిన తగాదాల వల్ల ఏర్పడిన శాఖలు మన పల్లెటూళ్ళలో ఎందుకు అన్నది ఆయన బాధ. ఒక ఊళ్ళో మెథడిస్టు, పక్క ఊళ్ళో ఆంగ్లికన్, మధ్యలో మనుషులు మాత్రం బంధువులు. 1919 మే నెలలో తరంగంబాడిలో ముప్పై మందికి పైగా క్రైస్తవ సేవకులు సమావేశమై ఐక్యతకు పిలుపునిచ్చారు. వారిలో ఎక్కువమంది భారతీయులే. ఆ సమావేశానికి ముఖ్యుడు అజరయ్య గారు. తరువాత పాతికేళ్ళకు పైగా చర్చలు సాగాయి. ఎవరి పద్ధతి వారికి ముద్దు. ఎవరి పూజావిధానం, ఎవరి పదవులు, ఎవరి ఆస్తులు వారికి సౌఖ్యం. ఆయన ఓపికగా కూర్చుని ఒక్కొక్క ముడి విప్పుతూ వచ్చారు.

డెబ్బై ఏళ్ళు నిండాక కూడా ఆయన విశ్రాంతి తీసుకోలేదు. పల్లెల్లో పర్యటన ముగించి వచ్చాక జ్వరం పట్టుకుంది. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. అక్కడే సమాధి చేశారు. ఆ జనవరి నెలలోనే ఆంగ్లికన్ సంఘపు జనరల్ కౌన్సిలు ఐక్యతకు అనుకూలంగా తీర్మానించింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, అంటే మనం సి.ఎస్.ఐ. అని పిలిచేది, అవతరించింది. స్వాతంత్ర్యం వచ్చి నెలన్నర కూడా కాలేదు. ఆయన ఉండి ఉంటే ఎంత సంతోషించేవారో.

మన కరీంనగర్‌కు సంబంధం ఇక్కడే ఉంది. మన వైపు పనిచేసినది వెస్లియన్ మెథడిస్టు మిషను. ఐక్యత తరువాత ఇక్కడి గుడులు సి.ఎస్.ఐ.లో చేరాయి. 1978లో కరీంనగర్ మేత్రాసనం వేరుగా ఏర్పడింది. ఆదివారం నాడు మన ఊరి గుడి గంట వినిపించినప్పుడు, మెథడిస్టులనూ ఆంగ్లికన్లనూ ఒకే కప్పు కిందికి తేవటానికి పాటుపడినవారిలో డోర్నకల్ పెద్దాయన ముందువరుసలో ఉన్నారని తలుచుకోవచ్చు.

మనకు పనికివచ్చేది

పెన్షనర్ మిత్రులారా, ఇప్పుడు మన సంగతికి వద్దాం. నెల మొదట్లో ట్రెజరీ నుంచి పెన్షను పడుతుంది. ఏడాదికొకసారి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తే సరిపోతుంది. డి.ఎ. బకాయిలు రాలేదని అప్పుడప్పుడు ధర్నా చేస్తాం, చేయవలసిందే, అది మన హక్కు. మోకాళ్ళ నొప్పులు, బీపీ, షుగరు అందరికీ ఉన్నవే. ఈ వయసులో కొంత సుఖం కోరుకోవటం పాపం కాదు. అజరయ్య గారిలా గుడారాల్లో ఉండమని నేను ఎవరికీ చెప్పను. నేను కూడా ఉండలేను.

కాని ఆయన జీవితం చదివినప్పుడు ఒక ప్రశ్న మాత్రం వదిలిపెట్టదు. మనం దేవునికి ఇస్తున్నది ఏమిటి? కొబ్బరికాయ కొట్టేవారైనా, కొవ్వొత్తి వెలిగించేవారైనా, నమాజు చేసేవారైనా, తీరిక దొరికితే, ఒంట్లో బాగుంటే, ఖర్చులు పోగా మిగిలితే ఇస్తాం. అజరయ్య గారు నేర్పిన పిడికెడు బియ్యం లెక్క వేరు. అన్నం వండక ముందే ఆ పిడికెడు పక్కకు పోతుంది. ఆ పూట కుండలో ఆ మేరకు తక్కువే ఉంటుంది. తక్కువైందని తెలిసి కూడా తియ్యటంలోనే దాని విలువ ఉంది. అది తీసిన చేతులు పట్నంలో చదువుకున్నవాళ్ళవి కావు. కూలికి పోయే ఆడవాళ్ళవి.

మన సభ్యుల్లో చాలామందికి మంచి చదువు, అనుభవం, కాగితాల పరిజ్ఞానం ఉన్నాయి. పక్కింటి వితంతువు కుటుంబ పెన్షను కాగితాలు పూర్తి చేసిపెట్టవచ్చు. చదువు మానేసిన కుర్రవాడికి రోజూ ఒక గంట లెక్కలు చెప్పవచ్చు. మధ్యాహ్నం నిద్రలోంచి ఆ గంట తీసి ఇస్తే మన వంతు పిడికెడు మనం వేసినట్లే.

ఈసారి విజయవాడ వైపు ప్రయాణం పెట్టుకున్నవారు వీలుంటే డోర్నకల్‌లో దిగి ఆ గుడిని చూసి రండి. మనుమలను, మనుమరాళ్ళను వెంట తీసుకువెళ్ళండి. రాతి స్తంభాల మీది తామరపూలు వాళ్ళకు చూపించండి. ఈ గుడిని కట్టించిన పెద్దాయన ఎక్కడో తమిళ దేశంలో పుట్టి, మన భాష నేర్చుకుని, మన బీదవాళ్ళతో కలిసి దీన్ని నిలబెట్టాడని చెప్పండి.